లైనక్స్‌లో డయలప్ కనెక్షన్ నిలవడం లేదు: పరకాల పాఠకునికి సమాధానం

ప్రశ్న: ఫోను తీగ మీద మోడెమ్‌తో నంబరు డయల్ చేసి ఇంటర్నెట్ వాడుకున్న డయలప్ రోజుల్లో, పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి ఉపాధ్యాయుడొకరు రాసిన ఉత్తరం ఇది. కొంత కుదించి ఇస్తున్నాను.

“మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి. ఒకదానిలో విండోస్ 98, మరొకదానిలో రెడ్‌హ్యాట్ లైనక్స్ 9 వేసుకున్నాను. ఫైళ్లు అటూ ఇటూ పంపుకోవడానికి రెండింటినీ నెట్‌వర్క్ కార్డులతో కలిపాను. కంప్యూటర్‌తో పాటు వచ్చిన లోపలి మోడెమ్‌ను లైనక్స్ గుర్తించనే లేదు. హన్మకొండలో ఉన్న మిత్రుడు సీరియల్ కేబుల్‌తో తగిలించే బయటి మోడెమ్ ఇచ్చాడు. అది నంబరు డయల్ చేస్తుంది, కూత పెడుతుంది, 115200 వేగంతో కనెక్ట్ అయ్యానని చెబుతుంది, కానీ ఇంటర్నెట్ మాత్రం నిలవదు. అదే మోడెమ్‌ను విండోస్‌కు తగిలిస్తే పని చేస్తోంది. మూడు రాత్రులు తెర మీద కనిపించిన మాటలను కాగితం మీద రాసి, తేదీలతో సహా జత చేస్తున్నాను. ఊరి పిల్లలకు ఇంటర్ ఫలితాలు, రైతులకు ఏనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి ధరలు చూపించాలని నా కోరిక. మా టెలిఫోన్ ఎక్స్ఛేంజికి లైనక్స్ పడదని, తీసేసి దీనిలో కూడా విండోసే వేసుకొమ్మని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?”

సమాధానం:

సారూ, నమస్కారం. మీరు ఆ కాగితం జత చేయకపోతే ఈ సమాధానం రాయడం నా వల్ల అయ్యేది కాదు. మోడెమ్ ఏ మాట చెప్పి ఆగిపోయిందో మీరు రాత్రివారీగా, తేదీలతో, తెర మీద ఉన్నది ఉన్నట్టు రాశారు కనుక, మీ కంప్యూటర్‌ను చూడకుండానే నేను చాలా సంగతులు చెప్పగలుగుతున్నాను. ఆ కాగితం చెప్పే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మీరు ఒకే జబ్బుగా భావించి మూడు రాత్రులు పోరాడినది నిజానికి మూడు వేరువేరు లోపాలు. మొదటి రాత్రిది వీవ్‌డయల్ (లైనక్స్‌లో మోడెమ్ చేత డయల్ చేయించే ప్రోగ్రాం) అమరికలో ఉన్న లోపం, రెండవ రాత్రిది మీ రెండు కంప్యూటర్లను కలిపిన నెట్‌వర్క్ కార్డు వల్ల వచ్చినది, మూడవ రాత్రిది ఫోను తీగలో ఉన్నది. ఒకదానికి వేసిన మందు మరొకదానికి పని చేయదు కనుక, ఒకటి సరిచేసినా రెండవది అడ్డం వచ్చి, “ఏం చేసినా మార్పు లేదు” అని మీకు అనిపించింది.

ముందుగా మీ మిత్రుని మాటకు జవాబు చెబుతాను. ఎక్స్ఛేంజికి మీ కంప్యూటర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో తెలిసే మార్గమే లేదు. ఫోను లైను మనిషి గొంతుకు సరిపడేటట్టు, సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య శబ్దాన్ని మాత్రమే అటూ ఇటూ మోస్తుంది. మోడెమ్ చేసేదల్లా కంప్యూటర్ పంపిన ఒకట్లను, సున్నాలను ఆ హద్దులో ఇమిడే శబ్దంగా మార్చడం, అవతల నుంచి వచ్చిన శబ్దాన్ని తిరిగి అంకెలుగా మార్చడం. అందుచేత లైనక్స్‌ను తీసివేయవలసిన అవసరం ఎంత మాత్రం లేదు.

లోపలి మోడెమ్ విషయంలో మాత్రం మీకు కలిగిన ఇబ్బంది నిజమైనదే. ధర తగ్గించడం కోసం ఆ రకం కార్డుల్లో అసలు మోడెమ్ చేయవలసిన గణితాన్నంతా కంప్యూటర్ ప్రాసెసర్ మీదికి నెట్టివేస్తారు, ఆ గణితం చేసే డ్రైవర్‌ను చాలాసార్లు విండోస్ కోసం మాత్రమే రాస్తారు. లూసెంట్, స్మార్ట్‌లింక్ చిప్పులున్న కొన్నింటికి లైనక్స్ డ్రైవర్లు దొరుకుతాయి. కోనెక్సెంట్ చిప్పులకు లైనక్సంట్ వారు ఇచ్చే ఉచిత డ్రైవర్ 14.4 కిలోబిట్ల వేగం దాటనివ్వదు, పూర్తి వేగానికి డబ్బు కట్టాలి. మీకు బయటి మోడెమ్ దొరికింది కనుక లోపలిదానితో కుస్తీ పట్టకండి, వీలైతే ఆ కార్డును ఊడదీసి పక్కన పెట్టండి. సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెమ్ తన పని తానే చేసుకుంటుంది, దానికి డ్రైవర్ కూడా అక్కరలేదు. విండోస్ వాళ్లు కామ్1 అని పిలిచే పోర్టును లైనక్స్‌లో టీటీవైఎస్0 అనీ, కామ్2ను టీటీవైఎస్1 అనీ అంటారు. మీ మోడెమ్ డయల్ చేస్తోంది కనుక పోర్టు సరిగ్గానే ఉంది, ఆ విషయం వదిలేద్దాం.

మీ ఉత్తరంలోని 115200 అనే అంకె గురించి మాత్రం ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీనిని చూసి మోసపోతారు. అది మీ ఇంటికీ ఎక్స్ఛేంజికీ మధ్య వేగం కాదు. కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య ఉన్న జానెడు కేబుల్‌లో వేగం అది. ఏ డయలప్ మోడెమ్ అయినా ఫోను తీగ మీద సెకనుకు 56 కిలోబిట్లకు మించి పోవడం జరగని పని. అది కూడా అవతలి వైపు నుంచి మీ ఇంటి దాకా శబ్దం ఒక్కసారే అంకె రూపం నుంచి అలల రూపంలోకి మారినప్పుడే సాధ్యం. పల్లెల్లో పొడవాటి తీగల మీద 26 నుంచి 33 కిలోబిట్ల మధ్య రావడం మామూలే. అసలు వేగం చూడాలంటే వీవ్‌డయల్ అమరికల ఫైలులో మోడెమ్‌ను సిద్ధం చేసే ఆజ్ఞల వరుస చివర “డబ్ల్యూ2” చేర్చండి. చాలా మోడెములు దీనిని అర్థం చేసుకొని, కనెక్ట్ అనే మాట పక్కన లైను మీది వేగాన్ని చూపిస్తాయి. మీ మోడెమ్ దానికి “ఎర్రర్” అని జవాబిస్తే, దాని పుస్తకంలో ఇదే పని చేసే ఆజ్ఞ ఏదో చూసి అది వేయండి. ఈ అంకెను రోజూ కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టండి. దీని ఉపయోగం మూడవ రాత్రి దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇక మొదటి రాత్రి. మీరు ఆరుసార్లు ప్రయత్నించారు, ఆరుసార్లూ దాదాపు ఒకే వరుస వచ్చింది. మోడెమ్ కనెక్ట్ అయిన తరువాత కొంతసేపు ఏమీ జరగలేదు. ఆపైన “ఏం చేయాలో తెలియడం లేదు, మంచే జరుగుతుందని ఆశిస్తూ పీపీపీడీని మొదలుపెడుతున్నాను” అనే అర్థం వచ్చే వాక్యం కనిపించింది (పీపీపీడీ అంటే అవతలి సర్వరుతో ఇంటర్నెట్ సంభాషణ నడిపే ప్రోగ్రాం). తరువాత సీరియల్ లైను “లూప్డ్ బ్యాక్” అయిందని ఒక మాట, దాని వెంటనే అంతా ఆగిపోవడం. ఆ వాక్యం చదివి మీరు ప్రోగ్రాం చెడిపోయిందేమో అని రాశారు. అది చెడిపోలేదు, తన సందేహాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దాని వెనుక ఏం జరిగిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ సమస్యలో సగం ఇక్కడే ఉంది.

రెండు మోడెములూ ఒకదాని కూత ఒకటి విని ఒప్పందానికి వచ్చిన తరువాత, ఇంటర్నెట్ సర్వరుకు మీరెవరో చెప్పాలి. దీనికి రెండు పద్ధతులున్నాయి. పాత పద్ధతిలో సర్వరు “లాగిన్” అని తెర మీద అడుగుతుంది, మనం పేరు టైపు చేస్తాం, “పాస్‌వర్డ్” అని అడుగుతుంది, అదీ ఇస్తాం, ఆ తరువాత పీపీపీ అనే ఇంటర్నెట్ సంభాషణ మొదలవుతుంది. కొత్త పద్ధతిలో ఈ అడగడాలేవీ ఉండవు. మోడెములు కలవగానే రెండు వైపులా నేరుగా పీపీపీ మాట్లాడటం మొదలుపెడతాయి, పేరూ పాస్‌వర్డూ ఆ సంభాషణ లోపలే పీఏపీ లేదా చాప్ అనే పద్ధతిలో మారతాయి. విండోస్ తనంతట తానుగా కొత్త పద్ధతినే అనుసరిస్తుంది. వీవ్‌డయల్ మాత్రం పాత సర్వర్లతో కూడా పని చేయాలనే మంచి ఉద్దేశంతో, అవతలి నుంచి ఏదైనా ప్రశ్న వస్తుందేమో అని కాసేపు ఎదురు చూస్తుంది. మీ సర్వరు ప్రశ్న అడగదు, మీ వైపు నుంచి పీపీపీ మాట వస్తుందని అదీ ఎదురు చూస్తుంది. ఇద్దరు మర్యాదస్తులు గుమ్మం దగ్గర నిలబడి “ముందు మీరు” అంటే “ముందు మీరు” అనుకున్నట్టుగా ఇద్దరూ మాట్లాడకుండా నిలబడిపోతారు. వీవ్‌డయల్‌కు ఓపిక నశించి పీపీపీడీని పిలిచేసరికి సర్వరు ఓపిక కూడా నశించి ఫోను పెట్టేస్తుంది. అప్పుడు పీపీపీడీ పంపిన మాటలను వినేవారు ఎవరూ ఉండరు. ఆజ్ఞల కోసం చూస్తున్న మీ మోడెమ్ తనకు వచ్చిన అక్షరాలనే తిరిగి పలుకుతుంది. తన మాట తనకే తిరిగి వినిపించడాన్ని పీపీపీడీ “లూప్డ్ బ్యాక్” అంటుంది. రెండవ రాత్రి నాలుగవ ప్రయత్నంలో కనెక్షన్ నిలవడానికి కారణం కూడా ఇదే. ఆసారి సర్వరు ఓపిక వీవ్‌డయల్ ఓపిక కంటే ఒక క్షణం ఎక్కువ ఉంది, అంతే.

దీనికి మందు ఒక్క వరుస. అన్ని అధికారాలూ ఉండే సూపర్‌యూజర్‌గా లాగిన్ అయి, ఈటీసీ డైరెక్టరీలో ఉన్న వీవ్‌డయల్ డాట్ కాన్ఫ్ అనే ఫైలుకు ముందుగా ఒక నకలు తీసి పెట్టుకొని, మీ ఫోను నంబరూ యూజర్ పేరూ ఉన్న భాగంలో “స్టుపిడ్ మోడ్” అనే వరుస చేర్చి, సమాన చిహ్నం తరువాత 1 వేయండి. పేరు చూసి సంకోచించకండి. “ప్రశ్నల కోసం ఎదురు చూడవద్దు, మోడెములు కలవగానే నేరుగా పీపీపీ మొదలుపెట్టు” అని దాని అర్థం. అదే భాగంలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ వరుసల చివర పొరపాటున ఖాళీ మిగిలిందేమో, పెద్ద అక్షరాలు చిన్న అక్షరాలు సరిగ్గా ఉన్నాయేమో ఒకసారి చూడండి. వీవ్‌డయల్‌ను సూపర్‌యూజర్‌గానే నడపండి, ఎందుకంటే అది మీ పాస్‌వర్డ్‌ను పీపీపీడీ చదివే రహస్య ఫైళ్లలో తానే రాసుకుంటుంది, మామూలు యూజర్‌కు ఆ ఫైళ్ల మీద అధికారం ఉండదు. ఈ మార్పు తరువాత పీపీపీడీ ఆగిపోతూ 19 అనే కోడ్ చూపిస్తే పేరులోనో పాస్‌వర్డ్‌లోనో తప్పుంది. 16 అని చూపిస్తే మోడెమ్ లైను వదిలేసింది. మీ కాగితం మీద ఈ కోడ్ కూడా తప్పక రాయండి, ఆ ఒక్క అంకె పది వాక్యాల పని చేస్తుంది.

ఇంకొక జాగ్రత్త. అవతలి మోడెమ్ ఫోను ఎత్తిన ప్రతిసారీ, లోపల ఏమీ కుదరకపోయినా, మీ బిల్లులో ఒక కాల్ పడుతుంది. అందుచేత ఒకేసారి నాలుగు మార్పులు చేసి వరుసగా డయల్ చేయకండి. ఒక మార్పు, ఒక కాల్, కాగితం మీద ఒక వరుస. ఈ పద్ధతిలో ఆలస్యం అవుతున్నట్టు అనిపిస్తుంది గానీ, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియక తిరిగి మొదటికి వచ్చే శ్రమ తప్పుతుంది.

రెండవ రాత్రి. కనెక్షన్ నిలిచింది, సమయం లెక్క నడుస్తోంది, అయినా ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు. మీ కాగితంలో దీనికి సంబంధించిన వరుసను మీరు కింద ఒక మూలకు, ముఖ్యం కాదన్నట్టుగా రాశారు. ఈటీహెచ్0 (నెట్‌వర్క్ కార్డుకు లైనక్స్ పెట్టిన పేరు) మీద ఇప్పటికే ఉన్న డిఫాల్ట్ రూట్‌ను మార్చడం లేదని పీపీపీడీ చెప్పిన మాట అది. నా దృష్టిలో ఆ రాత్రికి సంబంధించిన మొత్తం కథ ఆ ఒక్క వరుసలోనే ఉంది. డిఫాల్ట్ రూట్ అంటే, ఎక్కడికి పంపాలో తెలియని ప్రతి ఉత్తరాన్నీ కంప్యూటర్ ఏ దారిన బయటికి పంపాలో చెప్పే నియమం. మీరు రెండు కంప్యూటర్లను కలిపేటప్పుడు నెట్‌వర్క్ కార్డు అమరికల్లో “గేట్‌వే” (బయటికి వెళ్లే దారి) అనే గడిలో రెండవ కంప్యూటర్ చిరునామా వేశారు. ఆ గడిని ఖాళీగా వదలకూడదేమో అనే అనుమానంతో చాలామంది ఇలాగే చేస్తారు. దానితో లైనక్స్, ఇంటర్నెట్‌కు వెళ్లవలసిన ప్రతిదానినీ మోడెమ్ వైపు కాకుండా మీ విండోస్ కంప్యూటర్ వైపు పంపుతోంది, అక్కడ దానిని తీసుకొనే దిక్కు లేదు. పీపీపీడీ ఒకరు పెట్టిన దారిని తీసివేయడం మర్యాద కాదనుకొని ఊరుకుంది, ఊరుకుంటున్నానని చెప్పింది కూడా.

రుజువు కోసం, ఈసారి కనెక్ట్ అయిన తరువాత మరొక టెర్మినల్ తెరిచి, “రూట్” ఆజ్ఞ పక్కన హైఫన్, చిన్న ఎన్ అక్షరం కలిపి ఇవ్వండి. వచ్చే పట్టికలో గమ్యం దగ్గర నాలుగు సున్నాలున్న వరుసను వెతకండి. దాని చివర పీపీపీ0 (మోడెమ్ కనెక్షన్‌కు పేరు) అని ఉండాలి, మీకు ఈటీహెచ్0 అని కనిపిస్తుంది. శాశ్వతంగా సరిచేయడానికి నెట్‌వర్క్ కార్డు అమరికల్లో గేట్‌వే గడిని ఖాళీ చేస్తే చాలు. రెడ్‌హ్యాట్‌లో ఈటీసీ కింద సిస్‌కాన్ఫిగ్ డైరెక్టరీలో ఉండే నెట్‌వర్క్ అనే ఫైలులోనూ, ఈటీహెచ్0 కార్డుకు సంబంధించిన ఫైలులోనూ గేట్‌వే వరుస ఉండవచ్చు, రెండు చోట్లా చూడండి. ఒకే ఇంట్లో పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి గేట్‌వే అవసరం లేదు, కనుక మీ పాత ఏర్పాటు ఏమీ చెడదు. మూడవ రాత్రి మీరు నెట్‌వర్క్ కార్డును ఆపి చూసినప్పుడు పేజీలు తెరుచుకున్నాయని మీరే రాశారు. కారణం మీకు తెలియకపోయినా, సరైన ప్రయోగం మీరే చేశారు.

దారి సరయిన తరువాత కూడా పేజీ రాకపోతే, చిరునామా అంకెలతో పింగ్ చేస్తే (అవతలి కంప్యూటర్‌ను పలకరించి చూస్తే) జవాబు వచ్చి, పేరుతో చేస్తే రాకపోతే, అప్పుడు పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ వైపు చూడాలి. ఈటీసీలో ఉన్న రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలులో మీ ఇంటి నెట్‌వర్క్‌కు చెందిన పాత చిరునామా మొదటి వరుసలో ఉంటే, కంప్యూటర్ ప్రతి పేరుకూ ముందు దానిని అడిగి, కొన్ని సెకన్లు వేచి చూసి, ఆ తరువాతే రెండవదాని దగ్గరికి వెళ్తుంది. ఆ వరుస తీసివేయండి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే డీఎన్ఎస్ చిరునామాలు కనెక్ట్ అయినప్పుడు వాటంతట అవే వచ్చి చేరతాయి.

ఇప్పుడు మూడవ రాత్రి. దీని గురించి కొంచెం నిదానంగా రాయాలని ఉంది, ఎందుకంటే కంప్యూటర్ ముందు కూర్చొని ఎన్ని ఫైళ్లు మార్చినా ఈ లోపం పోదు. మృగశిర కార్తె దాటి వానలు మొదలైన తరువాత, మొగులు పట్టిన రోజున, పది పన్నెండు నిమిషాలకొకసారి కనెక్షన్ తెగిందని రాశారు. తెగిన సమయాలను కూడా రాశారు: ఒకసారి పదకొండు నిమిషాలు, ఒకసారి నాలుగు, ఒకసారి పదహారు. ఇది మంచి ఆధారం. కనెక్షన్ ప్రతిసారీ సరిగ్గా ఒకే సమయానికి, ఉదాహరణకు కచ్చితంగా పదిహేను నిమిషాలకు తెగితే, పని లేకుండా ఉన్న కనెక్షన్‌ను అవతలి సర్వరో మీ ప్రోగ్రామో కావాలని తెంపుతున్నట్టు. ఇలా ఒక లెక్క లేకుండా తెగితే అది తీగ లోపం. ఇక విండోస్‌లో బాగా పని చేసిందని మీరు చెప్పిన రోజు, మీరు వేసిన తేదీ ప్రకారం చూస్తే, వానలకు ముందు, ఎండలు కాస్తున్న వారంలోనిది. వాన రోజున విండోస్‌తో కూడా ఒక గంట ప్రయత్నించి చూడండి. అక్కడా తెగుతుందనే నేను అనుకుంటున్నాను.

ఇలా అనుకోవడానికి నా సొంత అనుభవం కారణం. హన్మకొండలో మేముండే ఇంట్లో ఒక వానాకాలమంతా ఇదే బాధ పడ్డాను. రెండు నెలలు మోడెమ్ అమరికలు మార్చి మార్చి విసిగిపోయిన తరువాత, ఒకరోజు పొద్దున గోడ మీద ఫోను తీగ ఇంట్లోకి వచ్చే చోట ఉన్న చిన్న తెల్లటి డబ్బా మూత విప్పాను. లోపల చీమలు మట్టి పెట్టాయి. ఒక స్క్రూ కింద ఉన్న రాగి తీగ కొస మీద ఆకుపచ్చని చిలుము పొరగా కట్టి ఉంది. తీగను వేలితో కదిపితే, పక్కన ఎత్తి పెట్టిన ఫోనులో నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు వినిపించింది. కొసను బ్లేడుతో రాగి మెరిసేదాకా గీకి, చిలుము పట్టిన అంగుళం ముక్క కత్తిరించి, కొత్త కొసను స్క్రూ కింద గట్టిగా బిగించాను. ఆ సాయంత్రం వరకు 26400 దగ్గర ఆగిపోయిన మోడెమ్, ఆ రాత్రి 33600 చూపించి రెండు గంటలు నిలిచింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. ముందు మోడెమ్‌ను విప్పేసి, మామూలు ఫోను తగిలించి, ఎత్తి, ఒక్క అంకె నొక్కి ఆగండి. డయల్ టోన్ ఆగిపోయి కొన్ని సెకన్ల పాటు నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలో చిటపట, గరగర, లేదా పక్కవారి మాటలు లీలగా వినిపిస్తే తీగలో తడి గానీ తుప్పు గానీ ఉన్నట్టే. మనిషి చెవి ఆ చప్పుడును దాటి మాట పట్టుకోగలదు, మోడెమ్ పట్టుకోలేదు. తరువాత ఇంట్లో సమాంతరంగా తగిలించిన రెండవ ఫోను ఉంటే పూర్తిగా తీసివేయండి. వరండాలో ఎవరో ఆ ఫోను ఎత్తినా చాలు, కనెక్షన్ పడిపోతుంది. మోడెమ్‌కు పొడవాటి పొడిగింపు తీగ వాడుతుంటే, ఒక్క రోజు కోసం కంప్యూటర్‌నే డబ్బా దగ్గరికి జరిపి, మోడెమ్‌తో వచ్చిన చిన్న తీగతో కలిపి చూడండి. కాల్ వెయిటింగ్ సౌకర్యం ఉంటే దానిని తీసివేయమని ఎక్స్ఛేంజిలో అడగండి, ఎవరైనా మీకు ఫోను చేసినప్పుడు వచ్చే ఆ బీప్ శబ్దమే మోడెమ్‌కు అవతలివారు వెళ్లిపోయినట్టు అనిపిస్తుంది.

మీ బయటి మోడెమ్ ముందు భాగంలో వరుసగా చిన్న ఎర్ర దీపాలుంటాయి. వాటిలో సీడీ అని రాసి ఉన్నదానిని గమనించండి. అవతలి మోడెమ్ కూత వినిపిస్తున్నంతసేపూ అది వెలుగుతుంది. కనెక్షన్ తెగిన క్షణంలో ముందుగా సీడీ ఆరిపోయి, ఆ తరువాత తెర మీద పీపీపీడీ ఆగితే లోపం తీగది. సీడీ వెలుగుతూ ఉండగానే పీపీపీడీ ఆగిపోతే లోపం కంప్యూటర్ వైపుదో సర్వరు వైపుదో. రాత్రిపూట లైటు తగ్గించుకొని అరగంట ఆ దీపాన్ని చూస్తూ కూర్చుంటే, ఏ పుస్తకమూ చెప్పలేని సంగతి మీకు తెలుస్తుంది.

ఇంటి లోపల అంతా బాగు చేసిన తరువాత కూడా వాన రోజుల్లో తెగుతూ ఉంటే, మోడెమ్ ఆశను కొంచెం తగ్గించడం ఒక మార్గం. మోడెమ్ ఎప్పుడూ తనకు వీలైనంత ఎక్కువ వేగం కోసం ప్రయత్నిస్తుంది, లైను అంచున నిలబడి, చిన్న చప్పుడుకే జారిపోతుంది. చాలా మోడెముల్లో “ప్లస్ ఎంఎస్” అనే ఆజ్ఞతో గరిష్ఠ వేగానికి హద్దు పెట్టవచ్చు. హద్దు ఎలా రాయాలో మోడెమ్ తయారీని బట్టి మారుతుంది కనుక దానితో వచ్చిన పుస్తకం చూసి, మీ కాగితంలో రాసుకున్న వేగాల్లో అన్నిటికంటే తక్కువదాని దగ్గర హద్దు పెట్టండి. 26400 దగ్గర రాత్రంతా నిలిచే కనెక్షన్, 33600 దగ్గర పది నిమిషాలకు తెగేదానికంటే మీ పిల్లలకు ఎంతో మేలు. ఫలితాల పేజీలోనూ ధరల పట్టికలోనూ ఉండేవి ఎక్కువగా అక్షరాలే, వాటికి ఈ వేగం సరిపోతుంది. బ్రౌజర్‌లో బొమ్మలను ఆపివేస్తే ఇంకా త్వరగా వస్తాయి. ఎస్10 అనే రిజిస్టరు గురించి కూడా చెబుతాను. కూత వినబడకపోతే ఎంతసేపు ఆగి ఫోను పెట్టేయాలో సెకనులో పదవ వంతుల లెక్కన చెప్పే అమరిక అది. మామూలుగా 14 ఉంటుంది, అంటే సెకనున్నర కంటే తక్కువ. దానిని 50కి పెంచితే, క్షణకాలం వచ్చి పోయే చప్పుళ్లను మోడెమ్ ఓర్చుకుంటుంది.

ఉరుములు మెరుపులు ఉన్న రోజున మాత్రం ఏ ప్రయోగమూ వద్దు. స్విచ్ ఆపితే చాలదు, ఫోను తీగను మోడెమ్ నుంచి ఊడదీయండి. పిడుగు దూరంగా పడినా తీగ వెంట వచ్చే ఒక్క దెబ్బకు మోడెమ్, దానితో పాటు సీరియల్ పోర్టు కూడా కాలిపోతాయి. పైగా అది మీ మిత్రుడు అరువిచ్చిన మోడెమ్.

గోడ మీది డబ్బా నుంచి స్తంభం దాకా, అక్కడి నుంచి ఎక్స్ఛేంజి దాకా ఉన్న తీగ మన చేతిలో లేనిది, అది లైన్‌మన్ పని. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఇంటర్నెట్ రావడం లేదని గానీ లైనక్స్ అని గానీ చెప్పకండి, అది మా పని కాదని అంటారు. ఫోనులో గరగర వినిపిస్తోందని, వాన పడినప్పుడు ఎక్కువవుతోందని, ఇంటి లోపలి తీగను విడదీసి నేరుగా డబ్బా దగ్గర ఫోను పెట్టి విన్నా అదే చప్పుడు ఉందని చెప్పండి. లైన్‌మన్ వచ్చినప్పుడు ఫోను అతని చేతికే ఇచ్చి, ఒక అంకె నొక్కి, ఆ నిశ్శబ్దంలో చప్పుడు అతనికే వినిపించేటట్టు చూడండి. స్తంభం దగ్గర టేపు చుట్టిన జాయింటు ఉంటే దానిని విప్పి కొత్తగా కలపమని అడగండి. అతను జాయింటు మార్చిన రోజు తేదీ మీ కాగితం మీద రాసి, ఆ సాయంత్రం డబ్ల్యూ2 చూపించే వేగాన్ని దాని పక్కన వేయండి. వేగం పెరిగితే అక్కడితో లైను పని అయినట్టే. పెరగకపోతే, ఆ తేదీతో, ఆ రెండు అంకెలతో నాకు మళ్లీ రాయండి, మోడెమ్ తయారీ పేరు, మోడల్ నంబరు కూడా చేర్చండి, ప్లస్ ఎంఎస్ వరుస ఎలా రాయాలో మీ మోడెమ్‌కు సరిపడేటట్టు నేనే రాసి పంపుతాను.